స్నేహమును ఆరోగ్యమును

ఆరోగ్యమే మహాభాగ్యమని మన పెద్దలు చెప్పుదురు. ఆరోగ్యమనగా రోగము లేకుండుట మాత్రమేనా? 1948లో అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి అట్లు చెప్పలేదు. శరీరము, మనస్సు, సాంఘిక జీవనము - ఈ మూడును చక్కగా నుండుటయే ఆరోగ్యమని నిర్వచించినది. వీనిలో మూడవదానిని మనము తరచుగా మరచుచుందుము. మందుల దుకాణమున దొరకని వస్తువునకు వెల కట్టుట మనకు అలవాటు లేదు.

తోటివారితోడి మైత్రి ఆయువును పెంచునా అను ప్రశ్నను శాస్త్రజ్ఞులు చాలకాలముగా పరిశీలించుచున్నారు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున రొసెటో అను చిన్న ఊరు కలదు. ఇటలీనుండి వలసవచ్చి పలకరాతి గనులలో పనిచేసినవారు నెలకొల్పిన ఊరది. పొగ త్రాగుటలోను, క్రొవ్వు పదార్థములు తినుటలోను వారు పొరుగూరివారికి తీసిపోరు. అయినను గుండెజబ్బు మరణములు అచ్చట తక్కువగా నున్నట్లు 1960వ దశకమున వైద్యులు గమనించిరి. మూడు తరములవారు ఒక ఇంట మెలగుట, ఒకరి కష్టమునకు మరియొకరు నిలుచుట దీనికి కారణమని తలచిరి. తరువాత ఆ కట్టుబాటు సడలగా గుండెజబ్బులును పెరిగినవి. 2010లో వెలువడిన మరియొక పరిశీలన 148 అధ్యయనములను క్రోడీకరించినది. గట్టి సంబంధములు గలవారు బ్రదికియుండు అవకాశము, అవి లేనివారికంటె సుమారు సగము ఎక్కువయని తేల్చినది.

గనివారి మాట వచ్చినప్పుడు మన కోలారు బంగారు గనులు తలపునకు రాక మానవు. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు ఇచ్చట పని చేపట్టిరి. చాంపియన్ రీఫ్ గని భూమిలోనికి మూడు కిలోమీటర్లకు మించి దిగినది. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు ప్రాంతములనుండి వచ్చినవారు, కన్నడ సీమవారు అందు కలిసి దిగిరి. ఎయిర్ బ్లాస్టు వచ్చి రాతిగోడ పగిలినప్పుడు చేయి పట్టి లాగువాని మాతృభాష యేదని యెవరును అడుగరు. ప్రక్కవాడు నిలిపిన ఆనిక గట్టిదైననే తాను ఇల్లు చేరును. పరస్పర విశ్వాసము అచ్చట మర్యాద కొరకు పాటించు గుణము గాక ప్రాణాధారమై యుండెను. 1930లో వేలిముద్రల నమోదు నిర్బంధమును ఎదిరించి కార్మికులు సమ్మెకట్టుటకును ఆ విశ్వాసమే బలమైనది.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలుగవచ్చును. అంతటి చెలిమి యుండియు, రాతిధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ వ్యాధితో ఎందరో క్షీణించిరి గదా! నిజమే. ఆ వ్యాధిని ఏ స్నేహమును కుదుర్పజాలదు. దానిని నివారించునవి రాతిని తడిపి తొలచుట, గనిలోనికి మంచిగాలి పంపుట. ఆప్యాయత యున్నది గదా, ధూళిని సహింపుమనుట అధర్మము. కాని ఆ గాలిని, ఆ నీటిని అడుగుటకు ఒక్కని గొంతు చాలదు. దగ్గుచు మంచము పట్టినవానికి ఒంటరితనమను రెండవ వ్యాధి రాకుండ కాపాడవలసినవారును తోటివారే.

మరియొక ప్రశ్న మరింత సూక్ష్మమైనది. ఆయువు పెరుగునని స్నేహము చేసినచో అది స్నేహమగునా? అరిస్టాటిల్ మైత్రిని మూడు తెగలుగా విభజించెను: ప్రయోజనమునకై చేయునది, వినోదమునకై చేయునది, ఎదుటివాని మంచితనమును ప్రేమించి చేయునది. మొదటిది ప్రయోజనముతోనే అంతరించును. మిత్రుని మాత్రగా మ్రింగువాడు, వ్యాధి తగ్గగానే సీసాను పారవేయును. నిద్ర రావలెనని ఆరాటపడువానికి నిద్ర రాదు. పనిచేసి అలసినవానికి తానే వచ్చును. మైత్రివలని ఆరోగ్యమును అట్టిదే. లెక్క చూడనివానికే అది దక్కును.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. ఆనాడు పోయినది జీతము మాత్రమే కాదు. దినదినము ఒకరినొకరు నమ్ముకొని బ్రదుకు అలవాటును సడలినది. నేడు వేకువనే మారికుప్పము రైలెక్కి బెంగుళూరు పనులకు పోవువారు రాత్రికి గాని తిరిగిరారు. పగలెల్ల ఇంట మిగులువారు వృద్ధులు. వారి వాకిట పలుకరించు గొంతు వినబడినచో అది ఒకపూట మందునకు తోడగును.

మన తెలుగు కుటుంబములకు ఇది పెద్ద వ్యయముతో గూడిన పని కాదు. ఉగాది ఉత్సవమునకు పెట్టు శ్రద్ధలో కొంత ప్రక్కయింటి ముసలివానికి పెట్టిన చాలును. ఆ ముసలివాడు తెలుగువాడే కానక్కరలేదు. ఒకప్పుడు కోలారు జిల్లాలోనుండి, 2007నుండి చిక్కబళ్ళాపురము జిల్లాలో చేరిన కైవారమున నారేయణ యోగి తెలుగునను కన్నడమునను రచనలు చేసెను. ఈ నేల భాషలను వేరుచేసి చూచినది కాదు. భూగర్భమున మన పెద్దలు పాటించిన ధర్మమును భూమిపై మనము పాటింపలేమా? బంగారము తరిగినది, ఈ ధర్మము మాత్రము వాడినకొలది పెరుగును.