ఉప్పు కుప్ప ఉంది, మనిషి ఏడి?

ప్రాణుల చిత్రాలను గోడలకు తగిలించకూడదన్న జాగ్రత్త మన ఇళ్ళలో చాలామంది పాటిస్తారు. కొండలు, జలపాతాలు, ఎడారులు ఉన్న ఫోటోలను మాత్రం నిశ్చింతగా పెట్టుకుంటారు. దీనికి ఆధారం ఉంది. బొమ్మలు గీసి పొట్టపోసుకునే ఒక వ్యక్తి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వద్దకు వచ్చాడు. ఆయన దైవప్రవక్త (స) చేసిన హెచ్చరికను వినిపించి, తప్పనిసరైతే చెట్లను, ప్రాణం లేని వాటిని చిత్రించుకోమని సలహా ఇచ్చారని సహీహ్ బుఖారీలో ఉంది. కెమెరా ఫోటోకు ఈ హెచ్చరిక ఎంతవరకు వర్తిస్తుందన్న విషయంలో పండితుల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. ప్రాణులు లేని ప్రకృతి దృశ్యం విషయంలో ఆ చర్చ అవసరం లేదు. అది ధర్మసమ్మతమే.

మరి ధర్మసమ్మతమైన చిత్రం నైతికంగా కూడా నిర్దోషమైనదేనా? ఒక ఉదాహరణ తీసుకుని ఆలోచిద్దాం.

దక్షిణ అమెరికాలోని బొలీవియా దేశంలో, ఆండీస్ పర్వత ప్రాంతంలో, సలార్ దె ఉయుని అనే ఉప్పు మైదానం ఉంది. ప్రపంచంలోని ఉప్పు మైదానాల్లో ఇదే అతి పెద్దది. పురాతన సరస్సులు ఎండిపోగా మిగిలిన ఉప్పు అది. సముద్రమట్టానికి సుమారు 3,650 మీటర్ల ఎత్తున, 10,000 చదరపు కిలోమీటర్లకు పైగా పరచుకుని ఉంది. ఇంత విశాలమైన నేలలో ఎత్తుపల్లాల తేడా ఒక మీటరు లోపే! అందువల్ల వానాకాలంలో పలుచని నీటిపొర నిలిచినప్పుడు ఆకాశమంతా నేలలో ప్రతిబింబిస్తుంది. సృష్టికర్త కళాకౌశలానికి ఇదొక నిదర్శనం. దీన్ని ఫోటో తీయడానికి ఎన్నో దేశాల నుంచి ఫోటోగ్రాఫర్లు వెళుతుంటారు.

అక్కడ వారు తరచుగా తీసే దృశ్యాల్లో ఒకటి, కొల్చాని గ్రామం దగ్గర బారులు తీరిన ఉప్పు కుప్పలు. పైన నీలాకాశం, కింద తెల్లని కుప్పలు. చూసేవారికి అది ప్రకృతి తీర్చిన ముగ్గులా కనిపిస్తుంది. కాని ఆ కుప్పలు గాలికి ఏర్పడినవి కావు, వానకు ఏర్పడినవి కావు. గ్రామస్థులు పారలతో ఉప్పును గీకి, నీరు ఓడి ఆరిపోవడానికి అలా కుప్పలు పోస్తారు. తర్వాత ఊరికి చేర్చి, మంటపై ఆరబెట్టి, అయోడిన్ కలిపి అమ్ముతారు. తెల్లని నేల మీద పడి తిరిగివచ్చే ఎండ కళ్ళను, చర్మాన్ని మాడ్చివేస్తుంది. అందుకే వారు ముఖం కప్పుకుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని పనిచేస్తారు. చాలా ఫోటోల్లో కుప్ప ఉంటుంది, దాన్ని పోసినవాడు ఉండడు.

ఇస్లాం సౌందర్యానికి వ్యతిరేకం కాదు. మంచి బట్టలు, మంచి చెప్పులు ఇష్టపడటం గురించి ఒక వ్యక్తి అడిగినప్పుడు, అల్లాహ్‌కు అందమంటే ఇష్టమని దైవప్రవక్త (స) తెలియజేశారు. అహంకారమంటే ఏమిటో కూడా అదే సందర్భంలో వివరించారు. సత్యాన్ని త్రోసిపుచ్చడం, తోటి మనుషులను చిన్నచూపు చూడటం అహంకారమన్నారు. సహీహ్ ముస్లింలోని ఈ ఒక్క హదీసులోనే అందానికి అనుమతీ ఉంది, దాని హద్దూ ఉంది.

"ఫోటోకు నాలుగు అంచులుంటాయి, ఏదో ఒకటి వదిలేయక తప్పదు కదా!" అని ఎవరైనా అనవచ్చు. నిజమే. ఆస్ట్రేలియా ఫోటోగ్రాఫర్ మర్రే ఫ్రెడరిక్స్ 2003 నుంచి అనేకసార్లు లేక్ ఐర్ అనే ఉప్పు సరస్సు మధ్యకు వెళ్ళి, ఒంటరిగా గుడారం వేసుకుని ఫోటోలు తీశారు. వాటిలో నేల, ఆకాశం తప్ప మరేమీ కనిపించవు. ఎదుట ఎవరూ లేనప్పుడు ఎవరూ లేని చిత్రం తీయడం అబద్ధం కాదు.

వదిలివేయడం వేరు, దాచిపెట్టడం వేరు. దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. జనానికి కనిపించేలా ఆ తడిసిన ధాన్యాన్ని పైన ఎందుకు పెట్టలేదని వర్తకుణ్ణి నిలదీశారు. ఆ వర్తకుడు నోటితో అబద్ధం చెప్పలేదు. రాశిని పేర్చిన తీరే అబద్ధం చెప్పింది. ఫోటో కొనేవాడు అది నిజమైన చోటు అని నమ్మి కొంటాడు. పాదముద్రలను కంప్యూటర్లో చెరిపివేసి, మనుషుల శ్రమతో ఏర్పడిన కుప్పలకు 'మానవ స్పర్శ లేని ప్రకృతి' అని పేరు పెడితే, అక్కడ సత్యమూ పోయింది, మనిషీ చిన్నబోయాడు. కుప్పలను కుప్పలుగానే చూపి, కింద ఒక్క వాక్యంలో ఎవరు పోశారో రాస్తే అందం తగ్గదు.

ఇందులో చూసేవారి బాధ్యత కూడా ఉంది. వినికిడి, చూపు, హృదయం, వీటన్నిటి గురించి విచారణ జరుగుతుందని బనీ ఇస్రాయీల్ సూరా 36వ ఆయత్ హెచ్చరిస్తోంది. దైవసృష్టిని చూసి 'సుబ్‌హానల్లాహ్' అనే మనం, ఆ సృష్టిలో భాగమైన శ్రామికుడు కనిపిస్తే దృశ్యం పాడయిందని అనుకుంటే, ఆ ప్రశంసలో లోపం ఉన్నట్టే. ఫోన్‌లో అలాంటి ఫోటో కనిపించినప్పుడు, అది ఎంత బాగుందో పిల్లలకు చెబుదాం. ఆ కుప్పలు ఎవరు పోశారో కూడా చెబుదాం.

అందాన్ని చూసే కన్నుతో పాటు, మనిషిని మరువని హృదయాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.