ప్రార్థనలో ‘మా’ అనే మాట

గ్రీకు మూలం చదివేవారికి కూడా దొరకని ఒక సౌకర్యం తెలుగు క్రైస్తవులకు ఉంది: ‘మన’, ‘మా’ల తేడా. ప్రసంగంలో కాపరి వినే సంఘాన్ని కలుపుకొని ‘మన దేవుడు’ అంటాడు. కళ్లు మూసుకోగానే ‘మా దేవా’ అంటాడు, ఇప్పుడు వింటున్నది దేవుడు గనుక. ప్రభువు నేర్పిన ప్రార్థన తెలుగులో ఈ ‘మా’తోనే సాగుతుంది. మాట చేరవలసింది దేవునికి, పలికే నోరు ఒక్కటే అయినా అడిగేది అందరూ అన్న రెండు సంగతులూ ఆ ఒక్క అక్షరంలో ఇమిడి ఉన్నాయి. ప్రార్థన ఎంతసేపు సాగింది, ఎంత గట్టిగా సాగింది అని చూసేకంటే, అందులో ‘మా’ నిజంగా ఉందా అని చూడాలన్నది నా వాదన.

కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో పౌలు చూసింది ఇదే. భాషలతో ప్రార్థించేవారిని ఆయన ఆపలేదు. అర్థం తెలియని సామాన్యుడు దానికి ఆమెన్ ఎలా చెబుతాడని మాత్రం నిలదీశాడు. రెండో శతాబ్దం మధ్యలో జస్టిన్ మార్టిర్ రోమా చక్రవర్తికి రాసిన గ్రంథంలో ఆదివారపు కూడికను వర్ణిస్తూ, పెద్ద తన శక్తికొలది ప్రార్థిస్తాడని, జనం ఆమెన్ అంటారని చెప్పాడు. ఆ హెబ్రీ మాటకు అర్థం కూడా విప్పాడు. ఆమెన్ అంటే ప్రజలు చేసే సంతకమన్నమాట. చదివి వినిపించని కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం ఎంత అన్యాయమో, తమది కాని ప్రార్థనకు ఆమెన్ అడగడమూ అంతే. దేవుణ్ణి పిలుస్తూనే ఆలస్యంగా వచ్చినవారిని మందలించడం, చేసిన ప్రసంగాన్నే మళ్లీ వినిపించడం చాలా కూడికల్లో మామూలైపోయింది. అక్కడ నోరు ‘మా’ అంటున్నా ముఖం జనంవైపు తిరిగిపోయింది. బిడ్డ జబ్బునో, తీరని అప్పునో మోసుకొచ్చినవారికి ప్రార్థనకు దొరికిన ఆ కాసిని నిమిషాలూ అలా పోవడం చిన్న నష్టం కాదు.

గదిలోకి వెళ్లి తలుపు వేసుకొని ప్రార్థించమని యేసే చెప్పాడు కదా, కూడి ప్రార్థించడమెందుకని అడగవచ్చు. మత్తయి 6వ అధ్యాయంలో గది మాట ‘నీవు’ అని ఏకవచనంలో ఉంది. వెంటనే నేర్పిన ప్రార్థన ‘మీరు’ అని బహువచనంలో ఉంది. పదిమంది మెప్పుకోసం చేసే ప్రార్థనకు గది మందు. ఆ గదిలో ఒంటరిగా ఉన్నవాడు కూడా రోజు తిండిని ‘నాకు’ అని అడగలేడు, ‘మాకు’ అనాల్సిందే. పక్కింటి ఆకలి తలుపు సందులోంచి లోపలికి వచ్చేస్తుంది. పేతురు, యోహాను విడుదలై రాగానే విశ్వాసులంతా ఏకంగా స్వరమెత్తారని అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయం చెబుతుంది. బెదిరింపు వచ్చింది ఇద్దరికి, మొర పెట్టింది అందరూ.

ఇంతకంటే బలమైన ఆక్షేపణ మరొకటుంది: వినేవారికోసం కొలిచి మాట్లాడితే ఆత్మ నడిపింపు ఏమవుతుందని. సి.ఎస్.ఐ., లూథరన్, కతోలిక ఆరాధనల్లోని రాసిన ప్రార్థనలను ఈ కారణంతోనే కొందరు ఎండిపోయినవంటారు. అయితే రాసిన ప్రార్థనలో ఒక దయ ఉంది: చదువురాని ముసలమ్మకు కూడా తర్వాతి మాట ముందే తెలుసు, ఆమె వెనకబడదు. అలవాటు మీద పెదవులు మాత్రమే కదిలే ప్రమాదమూ ఉంది, ఒప్పుకుంటాను. ఆశువుగా చేసే ప్రార్థనకు ఆ రోజు కష్టాన్ని ఆ రోజే చెప్పగల బలం ఉంది. రెండింటిలోనూ చూడాల్సింది ‘మా’నే. 1854 కొత్త సంవత్సరం తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద మిషనరీలైన జ్యూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఆ ఊరికోసం మోకరించారు. తమ సంఘమంటూ ఇంకా లేని ఊరిని వాళ్లు ‘మా’లో చేర్చుకున్నారు. 1878 జూలైలో ఆ ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతిని అందరూ చెబుతారు. నన్ను ఎక్కువ కదిలించేది మాత్రం ఆ చేర్చుకోవడమే.

ఇప్పుడు చాలా చోట్ల ప్రార్థించినవారే మైకులో ఆమెన్ కూడా అనేస్తున్నారు. ఆ ఒక్క మాటకు మైకు పక్కకు జరిపి, జనం గొంతు వినబడేదాకా ఆగితే బాగుండును.