అడిగేవారుంటేగా తెలిసేది

అమెరికాలో వైద్యవిద్య డిగ్రీ అయ్యాక మొదలవుతుంది. ఎంక్యాట్ అనే ప్రవేశపరీక్ష మార్కులతోపాటు అధ్యాపకుల సిఫార్సు లేఖలు, డాక్టర్ల వెంట ఉండి వాళ్ల పని చూసిన అనుభవం, ఇంటర్వ్యూ, ఇవన్నీ లెక్కకొస్తాయి. ఇంట్లో డాక్టరున్న పిల్లలకు ఈ సంగతులు అన్నాల దగ్గరే తెలిసిపోతాయి. మిగతావాళ్లకు చెప్పేవారుండరు. ఆ లోటు పూడ్చడానికి రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ 1988లో మైనారిటీ విద్యార్థులకు ఒక వేసవి శిక్షణ ప్రారంభించింది. మొదట వైద్యానికే పరిమితమైన ఆ శిక్షణలో తర్వాత దంతవైద్యం, ఆపైన నర్సింగ్, ఫార్మసీ, ప్రజారోగ్యం వంటివీ చేరాయి. అదే సమ్మర్ హెల్త్ ప్రొఫెషన్స్ ఎడ్యుకేషన్ ప్రోగ్రాంగా మారింది. డిగ్రీ తొలి రెండేళ్లలో ఉన్నవారికి ఆరు వారాలపాటు చదువు, బస ఉచితం.

ఇలాంటి శిక్షణ ముగించిన ఒక విద్యార్థిని, అక్కడ పాఠం చెప్పిన వైద్యాచార్యుడు మాట్లాడుకుంటున్నారని ఊహించుకుంటే, దీని వెనకున్న అసలు ప్రశ్న బయటపడుతుంది.

విద్యార్థిని అడుగుతుంది: "ఆరు వారాల్లో నాకు కొత్తగా తెలివేమీ రాలేదు కదా సార్. ఇక్కడ విన్న రసాయనశాస్త్రం కాలేజీలో ఎలాగూ చెబుతారు. మరి నాలో మారిందేమిటి?"

ఆచార్యుడు ప్లేటో రాసిన 'మీనో' సంవాదాన్ని ముందుకు తెస్తాడు. అందులో సోక్రటీస్ ఒక బానిస కుర్రాణ్ని పిలిచి, ఒక చతురస్రానికి రెట్టింపు వైశాల్యమున్న చతురస్రం ఎలా గీస్తావని అడుగుతాడు. భుజాన్ని రెట్టింపు చేస్తే సరిపోతుందంటాడు కుర్రాడు. అలా గీస్తే వైశాల్యం నాలుగింతలైపోతుందని తనే గ్రహిస్తాడు. ప్రశ్న మీద ప్రశ్న పడుతుంటే, చివరికి కర్ణాన్ని భుజంగా తీసుకోవాలన్న సంగతి తేల్చుకుంటాడు. తెలివి లోపల ముందే ఉందని, నేర్చుకోవడమంటే దాన్ని గుర్తు తెచ్చుకోవడమేనని సోక్రటీస్ వాదం.

"నాకు తట్టేది మరొకటి సార్. ఆ కుర్రాడు మీనో ఇంట్లోనే పుట్టి పెరిగాడు. అన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. తెలివి ఉందో లేదో అడిగితేగా తెలిసేది!"

"అడిగాక మాత్రం ఏం ఒరిగింది?" అంటాడు ఆచార్యుడు. "మాటలు సద్గుణం మీదికి మళ్లాయి, కుర్రాడి సంగతి అక్కడితో సరి. అతని బతుకేమీ మారలేదు. ద్వారమే ఇరుకైతే తెలివి బయటపడి లాభమేమిటి? అమెరికా వైద్య కళాశాలల తీరు మీద 1910లో ఫ్లెక్స్‌నర్ నివేదిక వచ్చేనాటికి నల్లజాతివారి వైద్య కళాశాలలు ఏడుండేవి. హోవర్డ్, మెహారీ తప్ప తక్కిన ఐదూ కొన్నేళ్లలో మూతపడ్డాయి. పిల్లలకు ప్రతిభ లేక జరిగిన పని కాదది."

ఈ అభ్యంతరం బలమైనదే. అయితే ఈ ప్రశ్నను ఇంకో వైపు నుంచి చూపించిన అనుభవం విద్యార్థినికి శిక్షణలో ఒకటి ఎదురైంది. రోగిగా నటించడానికి తర్ఫీదు పొందినవారితో వైద్య విద్యార్థులకు సాధన చేయించే పద్ధతిని 1963లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హోవర్డ్ బారోస్ మొదలుపెట్టాడు. ఆమె కూడా అలాంటి సాధన కోసం ఒక గదిలో కూర్చుంది. ఎదురుగా తలనొప్పని చెప్పే పెద్దావిడ. బీపీ పట్టీ మోచేతికి పైన చుట్టి, మడత దగ్గర స్టెతస్కోపు ఆనించి, గాలి మెల్లగా వదులుతూ చప్పుడు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో సరిగ్గానే పట్టుకుంది. నొప్పి ఎన్నాళ్ల నుంచని అడిగి, జవాబు పూర్తికాకుండానే తర్వాతి ప్రశ్న వేసింది. సాధన ముగిశాక ఆవిడ చెప్పింది: డబ్బుల్లేక మాత్రలు మానేసిన సంగతి చెప్పబోతుంటే వీలు దొరకలేదట.

"పుస్తకంలో చదివింది అప్పుడు తెలిసొచ్చింది సార్. రోగి చెప్పడం మొదలెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టర్లు అడ్డు తగులుతున్నారని 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ రాశారు. నేనూ అదే చేశాను."

"లేమిలో పెరిగినవాళ్లకు రోగి కష్టం దానంతటదే తెలుస్తుందనే కదా ఇలాంటి శిక్షణలకు చాలామంది చెప్పే కారణం?"

"తెలియదు సార్. మా ఇంట్లోనూ మాత్రలు మానేసిన రోజులున్నాయి, అయినా ఆవిణ్ణి అడగలేదు. వినడం ఎవరైనా సాధన చేయాల్సిందే. మాకు చోటివ్వాల్సింది మేం ఎక్కువ మంచివాళ్లమని కాదు, మాలో ఉన్న తెలివిని ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు గనక."

ఆ తేడా ముఖ్యమైనది. సేవ చేస్తారన్న షరతు మీద ఇచ్చే అవకాశం దయ అవుతుంది. ధనవంతుల పిల్లలకు అలాంటి షరతు ఎవరూ పెట్టరు.

ఆచార్యుడు ఆ మాట ఒప్పుకుని ఫీజు సంగతెత్తుతాడు. ఆరు వారాలు ఉచితమైనా, ఆ తర్వాతి నాలుగేళ్ల వైద్యవిద్య అప్పుల్లోకి నెడుతుంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాల 2018లో, బ్రాంక్స్‌లోని ఐన్‌స్టీన్ వైద్య కళాశాల 2024లో ట్యూషన్ ఫీజు ఎత్తేశాయి. అన్ని కళాశాలలూ అదే చేస్తే ఈ వేసవి శిక్షణ అవసరం ఉండదు కదా అని అతని ప్రశ్న.

"ఉంటుంది సార్," అంటుంది విద్యార్థిని. "సీటు ఉచితమైనా దరఖాస్తు ముందు పెట్టాలి కదా. సిఫార్సు లేఖ ఎవర్నడగాలో, మొదటి సెమిస్టర్‌లో మార్కులు తగ్గితే ఏం చేయాలో ఈ వేసవి దాకా నాకెవరూ చెప్పలేదు. ఫీజు లేదన్న కబురు కూడా మొదట చేరేది డాక్టర్ల ఇళ్లకే."