బండిలో జాకీ ఉందా?

మన ఆడవాళ్ళ గాజులకో, మంగళసూత్రానికో వేలాడే పిన్నీసు గురించి ఇంతవరకు ఎవరూ కావ్యం రాసినట్టు లేదు గానీ, రాయదగిన వస్తువే అది. పెళ్ళిపందిట్లో ఎవరి కుచ్చిళ్ళు జారినా, బస్సులో పక్కసీటు పిల్ల చెప్పుపట్టీ తెగినా, క్షణంలో ఊడివచ్చి ఆదుకుంటుంది. ఇచ్చినావిడ మళ్ళీ అడగదు. పుచ్చుకున్నావిడ తిరిగి ఇవ్వదు. అయినా మర్నాటికి ఆ గాజుకి ఇంకో పిన్నీసు వచ్చి చేరుతుంది. "దారిలో ఏమైనా అయితే?" అన్న ప్రశ్నకి జవాబు మనం ఒంటిమీదే మోసుకు తిరుగుతున్నామన్నమాట.

మగవాళ్ళ జవాబు బండి వెనకభాగంలో, గోనెగుడ్డలో చుట్టి పడివుంటుంది. దాన్ని జాకీ అంటారు. దాని పక్కన నట్లు విప్పే స్పానరు, ఒక తాడు, వెనక తలుపుకి స్టెప్నీ. ఇవి ఉన్న సంగతి బండిగలాయనకి తెలిస్తే అదృష్టం. వాడడం కూడా తెలిస్తే మహాభాగ్యం.

"ఇదీ ఒక చర్చేనా? చక్రం గాలిపోతే మార్చుకోవడానికి సామాను ఉండాలి, అంతేగా!" అంటారు మీరు. అంతే అయితే నేనింత కాగితం ఖర్చు చెయ్యను. ఇందులో నాకో ధర్మసందేహం ఉంది. దారిలో ఆపద వస్తే ఎవరో ఒకరు ఆదుకోకపోతారా అనుకుని చేతులూపుకుంటూ బయల్దేరేవాడు మనుషుల్ని నమ్మినవాడా, లేక మనుషుల్ని వాడుకునేవాడా? సమస్తం మోసుకుపోయేవాడు ముందుచూపున్నవాడా, లేక లోకంమీద నమ్మకం లేనివాడా?

ఈ సందేహం పట్నంలో కూర్చుంటే రాదు. ఫోను చేస్తే మెకానిక్కు వస్తాడు. మా వైపు నేలమీద తిరిగితే వస్తుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఒకప్పుడు అన్నీ మహబూబ్‌నగర్ జిల్లాలోవే. 2016 అక్టోబరు 11న వేరువేరు జిల్లాలయ్యాయి. జిల్లాలు విడిపోకముందు నుంచే నేలలు మాత్రం వేటికవే. కృష్ణకీ తుంగభద్రకీ మధ్యనున్న గద్వాల ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. అక్కడ నల్లరేగడి ఉన్నచోట ఎండాకాలం నేల నెర్రెలు విచ్చి నోరు తెరుచుకుంటుంది. ఒక్క వాన పడిందా, అదే నేల జిగురై కాలిని, చక్రాన్ని వదలనంటుంది. వనపర్తి వైపు ఎర్రచెలకలు, చెరువుకట్టల మీది దారులు. వాన వెలిశాక పైకి గట్టిగానే కనిపిస్తాయి. అంచుకి వెళ్ళిన చక్రానికి గానీ లోపలి సంగతి తెలియదు. ఇక నాగర్‌కర్నూల్ జిల్లాలో అచ్చంపేట దాటి మన్ననూరు మీదుగా నల్లమలలోకి వెళితే అంతా రాయి. టైరు పక్కభాగం రాయికి కోసుకుందంటే దానికి పంక్చరు వెయ్యడం కుదరదు, చక్రం మార్చాల్సిందే. అది పులుల అడవి. రాత్రిపూట ఆ శ్రీశైలం దారిలో రాకపోకలు ఆపేస్తారు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లింగమయ్య జాతరకి జనం వేలల్లో వెళతారు గనుక ఆ నాలుగు రోజులూ మనిషికి మనిషి తోడు. మిగతా రోజుల్లో చెంచుపెంటలవాళ్ళు తప్ప పలికే దిక్కుండదు.

ఈమధ్య కుర్రకారుకి నాలుగు చక్రాలూ ఒక్కసారే తిరిగే జీపుల మోజు పట్టుకుంది. రోడ్డు లేనిచోటికి పోవడమే దాని సరదా. దాంతో ఒక చిత్రం ఉంది. మామూలు కారు బురద మొదట్లోనే ఆగిపోతుంది. ఈ జీపు నడిమధ్య దాకా పోయి మరీ దిగబడుతుంది. శక్తి ఎక్కువైనకొద్దీ ఆపద ఇంకా లోపలికి జరుగుతుందన్నమాట. మనుషుల్లోనూ అంతే కాబోలు.

అన్నట్టు, స్టెప్నీ అన్న మాట ఎక్కడిదో తెలుసా? వేల్స్ దేశంలో లనెల్లి అనే ఊళ్ళో స్టెప్నీ అని ఒక వీధి. తొలినాళ్ళలో మోటారుబళ్ళకి అదనపు చక్రం ఇచ్చేవారు కారు. 1904లో ఆ వీధిలో డేవిస్ అనే అన్నదమ్ములు ఇద్దరు అదనపు చక్రం తయారుచేసి అమ్మారు. ఆ వీధి పేరు సముద్రాలు దాటి వచ్చి మన పల్లెల్లో టైర్ల కొట్లదాకా స్థిరపడింది. అంటే చక్రం చెడుతుందని ఒప్పుకోవడానికే బండి చేసినవాళ్ళకి కొన్నేళ్ళు పట్టింది!

జాకీకీ దాని నీతి దానికుంది. దాని పాదం అరచెయ్యంత. దానిమీద మోపేది బండి బరువులో ఒక భాగం. మెత్తని నేలమీద పెట్టి ఎత్తితే బండి లేవదు, జాకీయే దిగిపోతుంది. అందుకని దాని కింద ఒక మందపాటి చెక్కపలక ఉండాలి. ఎత్తకముందే నట్లు కాస్త వదులు చెయ్యాలి. నేలని ఆనివున్న చక్రానికి అడ్డంగా రాయి పెట్టాలి. జాకీని నమ్మి బండికిందికి దూరకూడదు. బురదలో వాడే నాలుగడుగుల పొడవాటి ఇనుపజాకీ ఒకటుంది. అదే దాదాపు 13 కిలోల బరువు. దాని పిడి చెయ్యిజారితే ఎగిరి దవడ పగలగొడుతుంది. తెలియనివాడి చేతిలో సాయం కూడా ప్రమాదమే సుమా!

రెండేళ్ళ కిందట, శ్రావణమాసం చివర్లో, నడిగడ్డలో ఒక పల్లెకి చుట్టాలింటి గృహప్రవేశానికి మా మరిది జీపులో వెళుతున్నాం. రాత్రంతా వాన. అడ్డదారిన పోతే తొందరగా చేరతామన్నాడు. పొలాల మధ్య జీపు దిగబడింది. జాకీ ఉంది, కింద పెట్టే చెక్క లేదు. పెట్టి ఎత్తితే జాకీ సగం భూమిలోకి పోయింది. చక్రాలు తిప్పినకొద్దీ బండి ఇంకా కూరుకుపోతోంది. అంతలో పొలం పనికి పోతున్న ఆడవాళ్ళు ఏడుగురు కనిపించారు. వాళ్ళలో పెద్దామె చీర ఎగ్గట్టి చూసి, "ఇంక తిప్పకు బిడ్డా, ఇంకా దిగుతది" అంది. గట్టుమీది పలకరాయి ఒకటి తెచ్చి జాకీ కింద పెట్టించింది. ఎడ్లబండి చక్రాలు ఎత్తిన చేతులు కదా, ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎత్తిన చక్రం కింద కందికట్టె పరిచారు. అందరూ కలిసి తోశారు. గంటన్నరకి బండి బయటపడింది.

మా మరిది సంతోషం పట్టలేక అయిదువందల నోటు తీశాడు. ఆవిడ చెయ్యి చాపలేదు. "పైసలొద్దు బిడ్డా. మా ఆసామికి ఒక్క మాట చెప్పిపో, దారిల మేం కూసోలేదని" అంది.

ఆ మాట నాకప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. తర్వాత చుట్టాలింట్లో అడిగి తెలుసుకున్నాను. నడిగడ్డలో విత్తనాల కోసం సీడుపత్తి సాగు ఎక్కువ. అందులో క్రాసింగ్ పని ఆడవాళ్ళ వేళ్ళమీదే నడుస్తుంది. ముందురోజు సాయంత్రం మొగ్గలో పుప్పొడి కాడలన్నీ ఒలిచేస్తారు. మర్నాడు పొద్దున ఇంకో రకం పువ్వు పుప్పొడి తెచ్చి దానికి అద్దుతారు. పొద్దెక్కితే ఆ పువ్వు పనికిరాదు, కాయ కట్టదు. ఏడుగురు ఆడవాళ్ళు గంటన్నర సేపు మా జీపు తోశారంటే, నిన్న సాయంత్రం ఒలిచిన మొగ్గలు ఎన్నో అక్కడ చేలో ఎదురుచూస్తూ ఉన్నాయన్నమాట. మా మరిది వెళ్ళి చెప్పాడు. ఆసామి మంచివాడు గనుక ఏమీ అనలేదు. మంచివాడు కాకపోతే?

అప్పటినుంచి నాకో సంగతి తోస్తోంది. దారిలో దొరికే సాయం ఉచితమని మనం అనుకుంటాం. ఉచితమేమీ కాదు, దాని వెల మనకి కనపడదు, అంతే. చెల్లించేవాళ్ళు వేరే ఉంటారు. పైగా మనం దిగబడేది సరదా కోసం, వాళ్ళు ఆ దారిన వచ్చేది కూలి కోసం. పిక్నిక్కుకి వెళ్ళేటప్పుడు పులిహోర, మంచినీళ్ళు, చాప అని జాబితా రాసుకుంటాం చూడండి, ఆ జాబితాలో అడుగున, మనం రాయకుండానే, "దారిలో పల్లెటూరివాళ్ళ మంచితనం" అని ఒక సామాను చేరిపోతుంది. ఇంకొకళ్ళ మంచితనాన్ని మన సామానులో కట్టుకునే హక్కు మనకి ఎవరిచ్చారు?

ఈ మాటే మా పక్కింటి పిన్నిగారితో అంటే ఆవిడ నవ్వేసింది. "అన్నీ ఎవరికివాళ్ళు మోసుకు తిరిగితే మనిషికి మనిషెందుకే? నేను పంచదార కోసం మీ ఇంటికొస్తేనే కదా నీ కష్టసుఖాలు నాకు తెలిసింది! డబ్బా నిండుగా ఉన్న ఇంటికి చుట్టమెవరొస్తారు?" అంది. కొట్టిపారెయ్యదగ్గ మాట కాదు. అడగడం కూడా ఒక గౌరవమే. నీ చెయ్యి నాకు కావాలి అని చెప్పడమే.

కానీ పిన్నిగారు పంచదార పట్టుకెళితే, వారం తిరిగేసరికి నేను కాఫీపొడికి ఆవిడ గుమ్మం ఎక్కుతాను. ఇచ్చిపుచ్చుకోవడం అంటే అది. ఆ ఏడుగురిలో ఎవరికి ఆపద వచ్చినా మా జీపు వాళ్ళ గుమ్మంలోకి పోతుందా? వాళ్ళ పేర్లయినా మేం అడగలేదే! తిరిగి ఇవ్వలేని చోట పుచ్చుకునేముందు మన దగ్గరున్నదంతా వాడిచూడాలి. ఆ తర్వాత అడగడంలో సిగ్గు లేదు. జాకీ, పలక, పార, తాడు ఉండీ, చెమటోడ్చీ, అప్పటికీ చేతకాక అడిగినవాడికి సాయం చెయ్యడంలో చేసేవాడికీ తృప్తి ఉంటుంది.

పనిముట్టు తోడు తీసుకుపోవడమంటే పాలమూరు కూలీలు గుర్తొస్తారు. ఇక్కడి కరువుకి ఊళ్ళు విడిచి, దేశంలో ఎన్నో ఆనకట్టల దగ్గర, కాలవల దగ్గర మట్టిపని చేసినవాళ్ళు. గడ్డపార, పార, తట్ట వాళ్ళకి ఆస్తి. ఎక్కడికి పోయినా అవి ఉంటే ఎవరిముందూ చెయ్యి చాపకుండా బతకవచ్చునన్న ధైర్యం. అటువంటి మనుషుల మధ్యకి, లక్షల బండి వేసుకుని, ఒక చెక్కముక్క కూడా లేకుండా పోవడం ఏం మర్యాద?

మన పురాణాల్లోనూ దిగబడ్డ చక్రాలున్నాయి. కర్ణుడి రథచక్రాన్ని భూమి మింగినప్పుడు సారథి శల్యుడు పక్కనే ఉన్నా, ఎత్తడానికి కర్ణుడే దిగాల్సి వచ్చింది. నమ్మకం లేని తోడు ఉంటే ఒంటరితనమే నయం. ఇంకొకటి కైకేయిది. వాల్మీకి రామాయణంలో ఆవిడ యుద్ధంలో గాయపడ్డ దశరథుణ్ణి తప్పించి కాపాడింది. మన ఇళ్ళల్లో చెప్పుకునే కథలోనేమో, రథం ఇరుసు చీల ఊడిపోతే ఆ కన్నంలో తన వేలు పెట్టింది. గెలిచాక గానీ దశరథుడికి ఆ సంగతి తెలియలేదట. ఆవిడ తర్వాత అడిగిన వరాల మంచిచెడ్డలు అందరం మాట్లాడతాం. యుద్ధానికి పోతూ రెండో చీల దగ్గర పెట్టుకోని రాజుని మాత్రం ఎవరూ ఏమీ అనరు.

ఆ కథ తలుచుకుంటే మన ఇళ్ళు గుర్తు రావడంలేదూ? మామగారి మందులు మర్చిపోతే కోడలు ఉంది. పిల్లవాడి ఫారం మీద సంతకం పెట్టించడం మరిస్తే తల్లి ఉంది. చెప్పకుండా నలుగురు భోజనానికొస్తే సర్దడానికి ఆవిడే ఉంది. ఇల్లనే బండికి ఆవిడ జాకీ. రోజూ ఎత్తుతుంది, ఎత్తాక గోనెగుడ్డలో చుట్టి వెనక పడేస్తారు. ఎత్తడం తప్పని నేననను. ప్రేమ ఉన్నచోట వేలు అడ్డం పెట్టడం సహజం. కానీ రోజూ ఎత్తే జాకీ కింద కూడా ఒక పలక ఉండాలి. ఆవిడ నిద్ర, ఆవిడ ఆరోగ్యం, ఆవిడకంటూ ఒక గంట – అదే ఆ పలక. అది లేకపోతే బండి లేవదు సరికదా, జాకీయే భూమిలోకి పోతుంది.

అందుకని ఈసారి మీవాళ్ళు బండి తీస్తూ "పులిహోర పెట్టావా?" అని అడిగితే, మీరూ మూడు ప్రశ్నలు అడగండి. బండిలో జాకీ ఉందా? దాని కింద పెట్టడానికి పలక ఉందా? దాన్ని ఎత్తడం మనలో ఎవరెవరికి వచ్చు? మూడో ప్రశ్నకి ఆయన తన పేరొక్కటే చెబితే ఊరుకోకండి. బయల్దేరేముందు ఇంటి ముందరే ఒకసారి ఆ చక్రం విప్పి బిగించండి. మీరూ, మీ అమ్మాయీ కూడా. నట్టు కదలకపోతే స్పానరుమీద కాలేసి నిలబడండి. కదులుతుంది.