నెలకు మూడు వానలు

ధనుర్మాసమున వైష్ణవ గృహములందు తెల్లవారకముందే తిరుప్పావై అనుసంధింపబడును. ముప్పది పాశురములలో మూడవది లోకక్షేమమును కోరునది. త్రివిక్రముని నామమును కీర్తించి నోము నోచినచో ఈతిబాధలు తొలగి నెలకు మూడు వానలు కురియుననియు, వరిపైరు నడుమ చేపలు ఎగురుననియు, గోవులు కడవలు నింపుననియు ఆండాళ్ తల్లి భావించినది. శ్రీవిల్లిపుత్తూరున పుట్టిన ఈ ప్రార్థన కదిరిలోను, తాడిపత్రిలోను, పెన్నహోబిలములోను వినబడునపుడు దాని బరువు వేరు. మడిలో చేప ఎగురుట ఆ సీమలోని పిల్లలలో ఎందరు చూచియుందురు?

అనంతపురము సీమకు ఏడాదికి సరాసరిన లభించు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘములు పడమటి కనుమలపై తమ బరువు దించుకొని వట్టిచేతులతో ఈ పీఠభూమికి చేరును. ఈశాన్య మేఘములు తూర్పుతీరమున కురిసి, ఇంత దూరము వచ్చుసరికి అలసిపోవును. ఇది పూర్వులకును తెలిసిన కష్టమే. వారెరుగని కష్టము మరొకటి ఇప్పుడు దానితో కూడినది. బొగ్గును, పెట్రోలును మండించుటచే వెలువడు బొగ్గుపులుసు వాయువు మున్నగువాని వలన భూతలము వేడెక్కుచున్నది. 1850-1900 నడిమి కాలముతో పోల్చినచో 2011-2020 దశాబ్దమున ఈ పెరుగుదల సుమారు 1.1 డిగ్రీలని శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘము నిర్ణయించినది. అప్పటివరకు కొలిచిన సంవత్సరములలో 2024 అత్యంత ఉష్ణమైనదని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించినది. వేడెక్కిన గాలి ఎక్కువ తేమను మోయును. కావున కురిసినపుడు కుంభవృష్టి, కురియనపుడు నేలలోని పదును సైతము త్వరగా ఆవిరి. ఆండాళ్ కోరినది విస్తారమైన వాన మాత్రమే కాదు, వేళకు వచ్చు వాన. చెడుచున్నది ఆ వేళయే.

వేరుశనగ ఊడలు దిగు సమయమున చినుకు రాలదు. పంట పోయిన పిదప ఒక్క రాత్రిలో వంకలు పొంగును. 2021 నవంబరున చిత్రావతి ఉప్పొంగగా వెల్దుర్తి వద్ద నీటిలో చిక్కుకొన్నవారిని హెలికాప్టరుతో కాపాడవలసివచ్చెను. 2022 అక్టోబరున నడిమివంక పొంగి అనంతపురము పట్టణములోని కాలనీలు మునిగినవి. కరవునకు పేరొందిన ఊరు వరదకు ఇల్లు విడిచెను!

ఇట్టి స్థితిలో భక్తుడు చేయదగినదేమి? ఆకాశము వంక చూచి మ్రొక్కుటయేనా? శ్రీమద్భాగవత దశమస్కంధమున దీనికి సమాధానము కలదు. నందాదులు వానల కొరకు ఇంద్రయాగమునకు సంభారములు సమకూర్చుచుండగా బాలకృష్ణుడు కారణమడిగెను. గోపకుల బ్రతుకు కొండను, అడవిని, గోవులను ఆశ్రయించియున్నదనియు, పూజింపదగినవి అవియేననియు చెప్పెను. యాగద్రవ్యములను పారవేయుమనలేదు, పూజ మానుమనలేదు. చూపును ఆకసము నుండి కాలిక్రింది నేలకు మరల్చెను. శునకములకును, పతితులకును సైతము అన్నము, గోవులకు గడ్డి, ఆ తరువాతనే కొండకు నివేదన. ఇంద్రుడు కోపించి రాళ్లవాన కురిపించినపుడు ఏడు దినములు వ్రేపల్లె అంతయు ఒకే కొండక్రింద నిలిచినది. ఇంటికొక గొడుగు పట్టలేదు స్వామి.

ఈ సీమను పాలించిన పూర్వులు ఆ ఉపదేశమును మట్టితో వ్రాసిరి. తటాకనిర్మాణము సప్తసంతానములలో ఒకటి. దేవాలయముతోను, కన్నకుమారునితోను సమానము. కడప మండలములోని పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. ఆ చెరువునకై రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసినట్లు అందు చెప్పబడినది. మంచి చెరువునకు ఉండవలసిన అంగములు, ఉండరాని దోషములు కూడ అందు లెక్కింపబడినవి. అంతకు ఐదేండ్లు ముందే, 1364లో, బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు పండమేరునకు అడ్డముగ కట్ట వేయించెను. కట్టకు ఒక కొన బుక్కరాయసముద్రము, రెండవ కొన అనంతసాగరము. అనంతపురమను పేరు ఆ చెరువు చలువయే. కట్ట తెగబోవగా ఊరి కొరకు ప్రాణమిచ్చిన ముసలమ్మ ఐతిహ్యమును కట్టమంచి రామలింగారెడ్డిగారు కావ్యముగ రచించిరి. నరబలిని ఏ వైష్ణవుడును సమ్మతింపడు. గ్రహింపదగినది వేరొకటి: చెరువుకట్ట తెగుట ఒక ఇంటి కష్టమని ఆ కథలో ఎవరును తలంపలేదు.

నీరుగంటి ఉన్నంతకాలము తూమునకు, మరవకు దిక్కున్నది. బోరుబావులు వచ్చిన తరువాత ఎవరి నీరు వారిదైనది. చెరువులో పూడిక పేరుకొన్నది. పారుదల వంకలలో సర్కారుతుమ్మ అలముకొన్నది. కొన్నిచోట్ల ఇండ్లే లేచినవి. ఒకరు ఆరువందల అడుగులు త్రవ్వగా ప్రక్కవాడు ఎనిమిదివందలు త్రవ్వును. అప్పు మాత్రము ఇద్దరికి మిగులును.

తిరిగి నేలను చూచినవారును ఈ సీమలోనే ఉన్నారు. ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలోని చెన్నేకొత్తపల్లి చేరువన 1990లో టింబక్టు కలెక్టివ్ అను సంస్థ 32 ఎకరముల బీడుతో పని ప్రారంభించినది. ముష్టికోవిల పరిసర గ్రామములవారు ఆ సంస్థ తోడ్పాటుతో బోడిగుట్టలను కాపాడి కల్పవల్లి అను అడవిగ పెంచిరి. వేల మొక్కలు నాటి ఛాయాచిత్రము తీయించుకొనుట కాదు వారి పద్ధతి. వేసవిలో నిప్పు పాకకుండ గడ్డిలో బాటలు తీయుట, కావలి కాయుట, గొడ్డలిని ఆపుట — ఇంతమాత్రముననే నేలలో దాగిన వేళ్లు చిగిర్చినవి. గొర్రెలకు మేత, ఈతచెట్లు, గుట్టక్రింది చెరువులకు ఊట తిరిగి వచ్చినవి. గోవర్ధనపూజ అనగా ఇదియే కదా!

ఆ గుట్టలపై తరువాత గాలిమరలు వెలసినవి. గాలిమర బొగ్గును మిగుల్చును, అది మేలే. కాని రికార్డులలో ఆ నేల బంజరుగనే ఉండుటచే, దానిని పెంచినవారి మాటకు విలువ లేకపోయెను. వెడల్పైన దారులకై గుట్టలు కోయబడినవి. తగవు హరిత న్యాయస్థానము వరకు నడిచినది. లోకహితమైన పనియు ఊరిని అడుగక చేసినచో ఊరికి గాయమగునని కల్పవల్లి చూపుచున్నది. ఇంటి నోము ఒక్కటే చాలదని కూడ చూపుచున్నది. కొండను కాపాడినవారి పేరు గ్రామసభ తీర్మానములో, ప్రభుత్వ దస్త్రములో ఎక్కవలెను.

ఈ వేడిమిలో అనంతపురము రైతు వాటా అత్యల్పము. కావున నియమము మొదట కార్లలో యాత్రకు వచ్చు సంపన్నునికి, ఉత్సవములలో రాత్రియంతయు విద్యుద్దీపములు వెలిగించు సంఘములకు చెందును. నలుగురు కలసి బస్సులో వచ్చినను స్వామి దర్శనమిచ్చును. రైతుకుటుంబము తన మేలు కొరకు చేయదగినవి వేరు. వేరుశనగనొక్కదానినే నమ్మక కొర్ర, సజ్జ, కంది, అలసంద కలిపి చల్లుట అందొకటి. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమమున వానలకు ముందే నవధాన్యముల విత్తనములను మట్టితోను, బూడిదతోను పూతపట్టి చల్లు పద్ధతి ఈ మెట్టభూములలో నడచుచున్నది. నేలపై పచ్చని కప్పు ఉన్నచో పదును నిలుచును. కొర్రన్నము, బెల్లము కలిపిన నైవేద్యమును ఏ ఆళ్వారును నిరాకరింపడు. ఆ పంటకు గిరాకీ పెంచు బాధ్యత పట్టణపు భక్తులది.

చట్టముల కొదువ లేదు. నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లోనే రాష్ట్ర చట్టము వచ్చినది. గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలము బండ్లపల్లిలోనే ప్రారంభింపబడినది. సేద్యపుకుంటలు, చెరువు పూడికతీత దాని పనులలో చేరినవి. ఏ వంక మూసుకొన్నది, ఏ కుంట త్రవ్వవలెను అని గ్రామసభలో లేచి అడుగువాడు లేనిచో ఆ పని కాగితముపైననే పూర్తియగును. పట్టణమున నడిమివంక గట్టును ఆక్రమింపనీయవద్దని పురపాలకసంఘమును అడుగుటయు భగవత్కైంకర్యమునకు వెలి కాదు. అయితే ఆ గట్టున తలదాచుకొన్న పేదకు వేరొక చోటు చూపిన పిదపనే ఖాళీ చేయింపుమని అడుగవలెను.

ఫాల్గుణమున కదిరి లక్ష్మీనరసింహుని తేరు కదలునప్పుడు ఊరూరి నుండి జనులు వచ్చి మోకు పట్టుదురు. ఎవరి వంతు ఎంతయని అక్కడ వాదులాట ఉండదు. అప్పటికి చెరువులలో నీరు అడుగంటియుండును. పూడికమట్టి ఎత్తి చేలకు తోలుటకు, వంకలలో తుమ్మ కొట్టుటకు, మరవ సరిచేయుటకు తేరు నిలిచిన మరునాటి నుండి మృగశిరకార్తె వరకు ఇంచుమించు మూడు నెలల గడువు కలదు.