చేనునకు కంచె, మనస్సునకు నియమము

ఢిల్లీ నగరమునకు నైరుతి దిక్కున, ఆరావళి కొండల అంచున గురుగ్రామము కలదు. కురువంశపు రాజకుమారుల గురువగు ద్రోణాచార్యునకు ఈ గ్రామము సమర్పింపబడెనని అచటివారి పరంపరాగత విశ్వాసము. చిరకాలము గుడ్‌గావ్ అని వ్యవహరింపబడిన ఈ ఊరి పేరును 2016వ సంవత్సరమున హర్యానా ప్రభుత్వము గురుగ్రామ్ అని మార్చినది. నేడది ఆకాశమునంటు భవనముల నగరము. జీవనోపాధికై వెళ్ళి అచట నివసించు తెలుగు కుటుంబములును కలవు.

అట్టి గృహస్థుడొకడు ఇంటిచుట్టు చిన్న తోట వేసి, కఱ్ఱగుంజలు పాతి, ఇనుపతీగతో కంచె కట్టినాడనుకొందము. అతడు కోనసీమలో పుట్టినవాడు. అచట గాలిలో తేమ మెండు. సరుగుడు గుంజలతో, వెదురుబద్దలతో, తాటాకులతో కట్టిన దడిని ఏటేట సవరింపకున్న నిలువదని బాల్యముననే యెరుగును. కాని గురుగ్రామములో వేసవి యెండ నిప్పులు చెరగును గనుక, ఇచట కంచెకు అంతటి సంరక్షణ అక్కరలేదని తలంచును. పుష్యమాసము వచ్చును. దట్టమైన పొగమంచు దిగును. తెల్లవారుసరికి ప్రతి తీగనుండియు నీటిబొట్లు జారుచుండును. మధ్యాహ్నపు లేతయెండకు కంచె పైభాగము ఆరును. రాలిన ఆకులు పేరుకొన్న మొదళ్ళు మాత్రము ఆరవు.

గుంజ ఎచట పుచ్చును? కఱ్ఱను తినివేయు బూజునకు తేమయు గాలియు రెండును వలయును. నేల లోతున గాలి చాలదు. పైభాగమున తేమ నిలువదు. నేలయు గాలియు కలియుచోట ఆ రెండును దొరకును. కావున గుంజ తరచుగా అచటనే పుచ్చును. పైరంగు చెక్కుచెదరకుండగనే మొదలు గుల్లయగును. ఒకనాడు ఆవుదూడ వచ్చి ఒరసికొన్నంతనే కంచె కూలును. దూడ పడద్రోసినదని లోకులందురు. వాస్తవమునకు ఎన్నో రాత్రుల మంచు చేసిన పనిని దూడ బయటపెట్టినది, అంతియే.

మొలకకు కంచె కావలయుననియు, అది మహావృక్షమైన పిమ్మట దానికి ఏనుగును కట్టినను భయము లేదనియు శ్రీరామకృష్ణులు బోధించిరి. ఈ మాట విని కంచె కట్టువారు పెక్కురు. కట్టిన కంచెను కాచుకొనువారు కొందరే. పతంజలి మహర్షి అభ్యాసమును గూర్చి చెప్పుచు, అది దీర్ఘకాలము, ఎడతెగక, ఆదరముతో సాగవలయునని మూడు నియమములను విధించెను. ఆరంభశూరత్వమునకు అందు చోటు లేదు.

కష్టకాలమున మానవుడు భగవంతుని మరువడు. తుపాను వీచునపుడు ఎవడైనను కంచెవైపు చూచును. ప్రమాదమంతయు సుఖకాలముననే. చలి తెల్లవారుజామున దుప్పటి విడువ బుద్ధిపుట్టక, నేటికి జపము మానుదమని ఒకడనుకొనును. ఆ ఒక్కనాటివలన ఏమియు కూలదు. అదియే మోసము! కూలకపోవుట చూచి మరునాడును మానును. మనస్సునకును నేలయు గాలియు కలియుచోటు ఒకటి కలదు. పూజాగృహములో కూర్చున్నంతసేపు అది నిర్మలముగనే యుండును. ఆ గడప దాటి, పనివానితో మాటలాడుచోట, లెక్కలు వ్రాయుచోట, భార్యాబిడ్డలపై కోపము వచ్చుచోట అది పుచ్చుట కారంభించును. సాధకుడు ప్రతిదినము పరీక్షించుకొనవలసిన తావు అదియే.

మరి గృహస్థుడు చేయవలసిన పని ఎట్టిది? గుంజల మొదళ్ళనుండి ఆకులను ఊడ్చివేయవలయును. నీరు నిలువక దొర్లిపోవునట్లు మట్టిని వాలుగా సరిచేయవలయును. వదులైన కట్లను బిగింపవలయును. త్రుప్పును గీకివేసి, ఎండ కాయు దినమున, ఆరిన తరువాతనే రంగు పూయవలయును. త్రుప్పుమీద రంగు పూసినచో త్రుప్పు ఆగదు, కనబడకుండును. తప్పు నొప్పుకొనక ఆచారములను పెంచుకొనుట అట్టిది. ఈ పనులలో ఏదియు గొప్పది కాదు, గడియసేపటి పని. చేయకున్న మాత్రము తోట దక్కదు.

ఇంకొక హెచ్చరికయు కలదు. లేతమొక్కకు ఆధారముగా చుట్టిన తీగను కాలానుగుణముగ సడలింపవలయును. మరచినచో మాను లావగుకొలది తీగ బెరడులోనికి దిగి, రక్షింపవలసిన చెట్టునే కోయును. నియమమును పట్టుకొని ప్రేమను మరచినవాని గతియు ఇట్టిదే. నేను మడి తప్పనివాడను, నేను ఉపవాసము మాననివాడను అను గర్వముతో ఇరుగుపొరుగువారిని హీనముగ చూచువాడు, కంచెయే చేను మేసినదను సామెతకు నిదర్శనము. కంచె చేనుకొరకు, చేను కంచెకొరకు కాదు. నియమము భగవత్ప్రేమ ఫలించుటకొరకు.

ఆ గృహస్థుడు కూలిన కంచె యెదుట నిలిచి దూడను తిట్టవచ్చును. లేక వంగి, గుంజ మొదలును చేతితో తడిమి చూడవచ్చును. వంగినవానికే తోట దక్కును. ప్రతిరాత్రియు నిద్రకు ముందు ఒక్క క్షణము మనమును అట్లు వంగి, మన నియమముల మొదళ్ళను తడిమి చూచుకొందుము గాక! సడలినదానిని మరునాటికి వాయిదా వేయక బిగించు శక్తిని ఆ సర్వేశ్వరుడు ప్రసాదించు గాక!