కార్డు ఉంది, లెక్క తెలుసా?

జీతాలు పడగానే హైదరాబాద్‌లో నాచారం పారిశ్రామికవాడ నుంచి ఉప్పల్ దాకా ఏటీఎంల ముందు జనం వరుస కడతారు. చేతిలో కార్డు ఉంటుంది, దాని ఖర్చెంతో లాభమెంతో మాత్రం చాలామందికి తెలియదు.

2014 ఆగస్టు 28న మొదలైన జనధన్ ఖాతానే తీసుకోండి. కనీస నిల్వ అక్కర్లేదు. దానితో ఇచ్చే రూపే కార్డుకు ఏటా రుసుము కట్టనక్కర్లేదు. 2018 ఆగస్టు 28 తర్వాత తెరిచిన ఖాతాకైతే 2 లక్షల రూపాయల ప్రమాద బీమా ఉంది. అయితే ఒక మెలిక: ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఆ కార్డు ఒక్కసారైనా వాడి ఉండాలి. బీరువాలో దాచిన కార్డు కుటుంబాన్ని ఆదుకోదు.

ఈ ఖాతాలో నెలకు కనీసం నాలుగుసార్లు ఉచితంగా డబ్బు తీసుకోవచ్చు. అదే బ్యాంకులో మరో పొదుపు ఖాతా మాత్రం ఉండకూడదు. మామూలు పొదుపు ఖాతాలో ఉచిత పరిమితి దాటితే ఏటీఎంలో తీసిన ప్రతిసారీ 23 రూపాయల దాకా కోత పడుతుంది, పన్ను అదనం. 500 తీసి 23 పోగొట్టుకుంటే నూటికి నాలుగున్నరకు పైగా పోయినట్టే.

కాబట్టి బ్యాంకుకు వెళ్లినప్పుడు రుసుముల పట్టిక అడిగి చూడండి. అర్థం కాకపోతే మళ్లీ అడగండి. డబ్బు మీది, అడిగే హక్కూ మీదే.